జేబు రేడియో ఎంచుకోవడం: ముందు ఏరియల్, తర్వాత స్పీకర్, ఆ తర్వాతే బ్రాండ్

మీరు అడిగింది ఇది: నాన్నగారికి పొద్దున నడకలోనూ, రాత్రి పడుకునే ముందూ వినడానికి జేబులో పట్టే రేడియో కావాలి. వార్తలు, పాత పాటలు ఆయనకు ముఖ్యం. ఇంట్లో ఉన్న పాత ట్రాన్సిస్టర్‌లో శుభ్రంగా వచ్చే స్టేషన్లు కొత్తగా కొన్న చిన్న రేడియోలో గరగరమంటున్నాయి. డిజిటల్‌ది కొంటే బాగా పడుతుందా, ముల్లు తిరిగేదే మంచిదా, ఏ కంపెనీ తీసుకోవాలి? రేడియోలు విప్పడం, బాగుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. స్టేషన్ ఎంత బాగా పడుతుందో తేల్చేది చాలావరకు ఏరియల్. శబ్దం ఎంత బాగుంటుందో తేల్చేవి స్పీకరూ, దాని వెనక డబ్బాలో ఉన్న ఖాళీ. ఈ రెండింటికీ చోటు కావాలి, జేబు రేడియోలో లేనిదే చోటు. మీ పాత ట్రాన్సిస్టర్ గెలుస్తున్నది అందుకే. అందులో మీడియం వేవ్ (ఏఎం) పట్టే వేలెడు పొడవున్న ఫెరైట్ కడ్డీ, బారెడు ఏరియల్, అరచేయంత స్పీకర్ ఉండి ఉంటాయి. కొత్తదాంట్లో వాటికి జాగా ఏది?

కాబట్టి కంపెనీ పేరు కన్నా ముందు ఒకటి తేల్చుకోండి. నాన్నగారు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారా, స్పీకర్‌లో వింటారా? ఈ జవాబును బట్టి కొనాల్సిన రేడియోయే మారిపోతుంది. ఇయర్‌ఫోన్ అయితే అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైనా చాలు, శబ్దం కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. స్పీకర్‌లోనే అయితే చొక్కా జేబు ఆశ వదులుకుని, కోటు జేబులోనో చేతిసంచిలోనో పట్టే సైజుకు రావాలి. రెండూ ఒకదాంట్లోనే కావాలంటే దొరక్కపోవు గానీ, ఎక్కడో ఒకచోట రాజీ తప్పదు.

ఈ జేబు గొడవ ఇవాళ్టిది కాదు లెండి. దుకాణాల్లోకి వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియో, 1954 నాటి రీజెన్సీ టీఆర్-1, నాలుగు ట్రాన్సిస్టర్లతో నిజంగానే జేబులో పట్టింది. కాకపోతే దానికి 22.5 వోల్టుల ప్రత్యేకమైన బ్యాటరీ కావాల్సివచ్చేది. 1957లో సోనీ టీఆర్-63ని ‘జేబు రేడియో’ అని అమ్మినప్పుడు అది మామూలు చొక్కా జేబు కన్నా ఒక పిసరు పెద్దదైందట, అందుకని సేల్స్‌మెన్‌కి పెద్ద జేబుల చొక్కాలు కుట్టించారని చెబుతారు. ప్రకటనలో ‘పాకెట్’ అని ఉంటే ఇప్పటికీ ఎవరి జేబని అడగాల్సిందే. సెంటీమీటర్లలో కొలతలు చూసి, అట్టముక్క కత్తిరించి జేబులో పెట్టి చూసుకోండి.

ఇక ఏరియల్ సంగతి. ఎఫ్ఎం ఎక్కువ దేశాల్లో 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో పావు వంతు 75 సెంటీమీటర్లు. ఏరియల్ అంత పొడవుంటే బాగా పనిచేస్తుంది. జేబు రేడియోల మీదుండే లాగుడు ఏరియల్ సాధారణంగా అందులో సగమో, కొంచెం ఎక్కువో ఉంటుంది. అసలు ఏరియలే లేని బుల్లి రేడియోల్లో ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్. ఆ తీగ మీటరు పైచిలుకు ఉంటుంది కాబట్టి, చాలాసార్లు పొట్టి లాగుడు ఏరియల్ కన్నా అదే బాగా పట్టేస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అయితే తీగను చుట్టచుట్టి జేబులో కుక్కితే ఆ లాభం పోతుంది. వదులుగా వేలాడనివ్వాలి. నడిచేటప్పుడు చెయ్యి ఊగినప్పుడల్లా సిగ్నల్ కొంచెం ఎగుడుదిగుడు కావడం కూడా మామూలే, ఎందుకంటే తీగకు పక్కనే ఉన్న మన ఒళ్లూ ఆ లెక్కలోకి వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌కి తీగ లేదు, కాబట్టి ఆ ఏరియలూ లేనట్టే.

ఒక తిరకాసు ఉంది. ఏరియల్ లేని రేడియోకి చిన్న స్పీకర్ కూడా పెట్టి అమ్ముతుంటారు. స్పీకర్‌లో వినాలన్నా ఇయర్‌ఫోన్ గుచ్చే ఉంచాలి, లేకపోతే స్టేషన్ పడదు. మీరు కొన్న కొత్తది ఈ బాపతే అయితే, గరగరకు సగం కారణం దొరికినట్టే. ఓసారి ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి.

ఎఫ్ఎం దాదాపు చూపు పారినంత మేరే ప్రయాణిస్తుంది, అందుకని ఎత్తుకు విలువ ఎక్కువ. చదునైన నేల మీద దూరం లెక్కకు ఒక చిన్న సూత్రం ఉంది: టవర్ ఎత్తు, మన ఏరియల్ ఎత్తు (మీటర్లలో) రెండింటి వర్గమూలాలు కలిపి 4.12తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. టవర్ 150 మీటర్లు, రేడియో నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే సుమారు 55 కిలోమీటర్లు. అదే రేడియోని పది మీటర్ల ఎత్తున్న మేడ మీదికి తీసుకెళ్తే 63 దాటుతుంది. రేడియో మార్చకుండానే వచ్చిన ఎనిమిది కిలోమీటర్లవి. ఇంటి లోపల ఇనుము కలిపిన కాంక్రీటు గోడలు ఇందులోంచి ఎంతో కొంత తినేస్తాయి. అందుకే కిటికీ దగ్గర హాయిగా పాడే స్టేషన్ మంచం దగ్గరికి వచ్చేసరికి బుసకొడుతుంది. ఎంత ఖరీదైన జేబు రేడియో కొన్నా, ఆ తేడా తగ్గుతుందే గానీ పోదు.

మీడియం వేవ్ దారి పూర్తిగా వేరు. అక్కడ తరంగం పొడవు వందల మీటర్లు, లాగుడు ఏరియల్‌తో పని లేదు. డబ్బా లోపల నల్లటి ఫెరైట్ కడ్డీ, దాని మీద వెంట్రుకలాంటి రాగితీగ చుట్ట ఉంటాయే, అదే ఏరియల్. ఏరియల్‌ని నిలువునా లాగి మీడియం వేవ్ పట్టడం లేదని విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. లాగినా, మూసినా అక్కడ తేడా రాదు. తేడా వచ్చేది రేడియోని తిప్పితే. కడ్డీ పక్కభాగం స్టేషన్ వైపు ఉంటే సిగ్నల్ బలంగా వస్తుంది, కడ్డీ కొస స్టేషన్‌ని చూస్తుంటే దాదాపు మాయమవుతుంది. ఇది లోపం కాదు, మంచి ఆయుధం. ఒక బలహీనమైన స్టేషన్ పెట్టి రేడియోని బల్ల మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ వినండి. గరగర తెచ్చే వస్తువు ఒక దిక్కున, స్టేషన్ ఇంకో దిక్కున ఉంటే, ఒకచోట గరగర హఠాత్తుగా దిగిపోయి మాట బయటికి తేలుతుంది. ఆ జాగా చాలా ఇరుకు, రెండు మూడు వేళ్ల మేర పక్కకు జరిగితే మళ్లీ మొదలు. అక్కడ ఆపి పెట్టుకోవడమే.

కడ్డీ ఎంత పొడవుంటే మీడియం వేవ్ అంత బాగా పడుతుంది. రేడియో ఒళ్లే చిన్నదైతే కడ్డీ అంతకన్నా చిన్నదే కదా. నాన్నగారు వినే స్టేషన్లలో మీడియం వేవ్‌వి ఉంటే మరీ బుల్లి మోడళ్ల జోలికి పోకండి. వెడల్పు పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు ఉన్న రేడియో ఈ పనిలో దాని సగం సైజు రేడియోని సునాయాసంగా ఓడిస్తుంది, లోపల ఏ చిప్ ఉన్నా సరే. ఎఫ్ఎం ఒక్కటే చాలనుకుంటే ఈ పేరా మర్చిపోండి.

‘బాగా పడటం’ అంటే బలహీనమైన స్టేషన్‌ని లాగడం ఒక్కటే అనుకుంటారు. పక్క స్టేషన్‌ని అడ్డుకోవడం కూడా అందులో భాగమే. ఊళ్లో బలమైన ఎఫ్ఎం స్టేషన్లు నాలుగైదు ఉంటే నాసిరకం రేడియోలో ఒక్కోటి రెండు మూడు చోట్ల వినిపిస్తుంది. దూరపు స్టేషన్ ఉండాల్సిన చోట కూడా అదే కూర్చుంటుంది. జనం దీన్ని చూసి ‘ఎన్ని చోట్ల పడుతోందో, ఎంత పవర్‌ఫుల్లో’ అని మురిసిపోతారు. నిజానికి ఆ రేడియో తట్టుకోలేక చేతులెత్తేసింది. టవర్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకు అతి చురుకైన రేడియో కన్నా స్టేషన్లను శుభ్రంగా విడదీసే రేడియో మేలు. ‘లోకల్, డీఎక్స్’ (దగ్గరి స్టేషన్లకు, దూరపు స్టేషన్లకు) అని మీట ఉంటే లోకల్‌లో పెట్టండి. లేకపోతే ఏరియల్‌ని మడిచి చూడండి, చాలాసార్లు ఆ పనితోనే సర్దుకుంటుంది.

ఇప్పుడు మీ డిజిటల్, ముల్లు ప్రశ్న. బజారులో మూడు రకాలున్నాయి, కష్టం మూడోదానితోనే.

మొదటిది అసలు సిసలు అనలాగ్: చక్రం తిప్పితే లోపల కండెన్సర్ తిరుగుతుంది, ముల్లు కదులుతుంది. సెల్స్ తక్కువ తింటుంది, చెవితో సరిచేసుకుంటూ స్టేషన్ మీదికి రావచ్చు, బలహీనమైన స్టేషన్ దగ్గర బుస వినిపిస్తుంది గానీ మాట కూడా వినిపిస్తుంది. చవకవాటిలో వేడికి, వాడే కొద్దీ స్టేషన్ మెల్లగా పక్కకు జారుతుంది, పక్కపక్క స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి.

రెండోది డీఎస్పీ, అంటే సిగ్నల్‌ని అంకెలుగా మార్చి చిప్‌లోనే వడకట్టే రకం. తెర మీద అంకెలు కనిపిస్తాయి. ఈ పని మొత్తం చేసే సిలికాన్ ల్యాబ్స్ ఎస్ఐ4734 లాంటి చిప్ మూడు మిల్లీమీటర్ల చదరం, అంతే. వీటి గొప్పదనమల్లా స్టేషన్లను విడదీయడంలో ఉంది. రెండు బలమైన ఎఫ్ఎం స్టేషన్ల మధ్య ఇరుక్కున్న చిన్న స్టేషన్‌ని మంచి డీఎస్పీ రేడియో బయటికి తీసి వినిపిస్తుంది, జారిపోయే బాధ లేదు, స్టేషన్లు మెమరీలో పెట్టుకోవచ్చు. చిరాకు కలిగించేది ఒకటుంది: సిగ్నల్ బాగా తగ్గితే బుస మనకు వినపడకూడదని చిప్ తనంతట తనే శబ్దం తగ్గించేస్తుంది. దాంతో గాలివాటు సిగ్నల్ ఉన్నచోట మాట వచ్చీపోయీ, వచ్చీపోయీ ఉంటుంది. అనలాగ్‌కి అలవాటుపడ్డ పెద్దవాళ్లు ‘ఇది పాడైపోయింది’ అంటారు. పాడవలేదు, దాని తీరే అంత.

మూడోది బయటికి అనలాగ్, లోపల డీఎస్పీ. ముల్లూ చక్రమూ ఉంటాయి, చక్రం వెనక ఉన్నది మాత్రం చిప్‌కి ‘ఇక్కడ’ అని చెప్పే మీట మాత్రమే. తిప్పుతుంటే స్టేషన్ మెల్లగా దగ్గరపడదు, నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా ఊడిపడుతుంది, ఇంకొంచెం తిప్పితే అలాగే మాయమవుతుంది. చవక రేడియోల్లో ఈ రకం చాలా ఎక్కువ. ఎఫ్ఎం వరకు పర్వాలేదు. దూరదేశాల స్టేషన్లు వచ్చే షార్ట్ వేవ్ మీద స్టేషన్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ చక్రంతో ఒక స్టేషన్ మీద నిలబడటం పెద్ద పరీక్ష. ‘పది బ్యాండ్లు, పన్నెండు బ్యాండ్లు’ అన్న మాటకు కూడా మురవకండి. షార్ట్ వేవ్‌ని ముక్కలు చేసి లెక్కబెట్టినవే వాటిలో ఎక్కువ. మీకు కావాల్సింది ఎఫ్ఎం, బహుశా మీడియం వేవ్. మిగతా ఎనిమిదీ అట్టపెట్టె మీద అలంకారం.

కొన్ని దేశాల్లో డీఏబీ అనే డిజిటల్ ప్రసారం ఉంది. తెర ఉన్న డిజిటల్ రేడియో అంటే అదే అనుకోకండి. డీఏబీ వేరే బ్యాండ్, వేరే పద్ధతి, ఎఫ్ఎం రేడియోలో రాదు. నార్వే 2017లో జాతీయ ఛానళ్ల ఎఫ్ఎం ఆపేసి దానికి మారిపోయింది. మీరున్నచోట ఆ ప్రసారం లేకపోతే దాని కోసం అదనంగా పెట్టే డబ్బు, అది తాగే బ్యాటరీ రెండూ దండగే.

రేడియోని తిట్టేముందు ఇంటిని కూడా ఓ చూపు చూడాలి. ఇరవై ఏళ్ల కింద ఇంట్లో గొడవ చేసేవి ట్యూబ్‌లైటు, మిక్సీ అంతే. ఇప్పుడు ప్రతి ఎల్ఈడీ బల్బులో, ప్రతి ఫోన్ ఛార్జర్‌లో, టీవీలో, రూటర్‌కి కరెంటిచ్చే అడాప్టర్‌లో కరెంటుని సెకనుకు వేల సార్లు తుంచి పంపే సర్క్యూట్ ఉంది. చవకవాటిలో ఆ రొద గాల్లోకీ, కరెంటు తీగల్లోకీ చిమ్ముతుంది. మీడియం వేవ్ మీద దీని దెబ్బ ఘోరం, ఎఫ్ఎం మీద కొంచెం తక్కువ. పరీక్ష తేలిక: రేడియో సెల్స్ మీద పెట్టి, వీలైతే మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపండి. గరగర ఠక్కున ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు ఒక్కో లైటూ, ఒక్కో ఛార్జరూ వేసుకుంటూ పోతే పట్టుబడతాడు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు అది మంచం పక్కనున్న ఫోన్ ఛార్జరే. ఛార్జింగ్ పెట్టి రేడియో వింటే వచ్చే గుయ్యిమన్న మోత కూడా ఈ కోవలోదే, రేడియో తప్పు కాదు.

ఇక శబ్దం. చిన్న స్పీకర్ నుంచి ఏం ఆశించాలో ముందు తెలిస్తే నిరాశ ఉండదు. నాలుగైదు సెంటీమీటర్ల స్పీకర్ తబలా కింది స్వరాన్ని పలికించలేదు, గాలిని అంత కదిలించే శక్తి దానికి లేదు. కానీ మనిషి మాట అర్థం కావడానికి సుమారు 300 నుంచి 3,000 హెర్ట్జ్ చాలు, టెలిఫోన్ నడిచింది ఆ మేరలోనే. అందువల్ల వార్తలకు జేబు రేడియో స్పీకర్ సరిపోతుంది. పాటలకు మాత్రం స్పీకర్ కనీసం అరచేతి మధ్యభాగమంత ఉంటే బాగుంటుంది, వెనక డబ్బా కొంచెం మందంగా ఉంటే ఇంకా మేలు. మరీ పలచటి రేడియోలు డబ్బా శబ్దం చేస్తాయి, పేరున్న కంపెనీదైనా సరే. ఒక చిట్కా: స్పీకర్‌లో వినేటప్పుడు రేడియోని చేత్తో గాల్లో పట్టుకోకుండా బల్ల మీద గోడకు దగ్గరగా నిలబెట్టండి. కింది స్వరాలకు కొంచెం ఒళ్లు వస్తుంది.

ప్రకటనల్లో రాసే వాట్లను పట్టించుకోవద్దు. జేబు రేడియోలో నిజంగా వచ్చేది వాటులో కొద్ది భాగం, ఒక గదికి అదే ఎక్కువ. చూడాల్సింది వాల్యూం ముప్పావు వంతుకు వెళ్లినప్పుడు గొంతు చీలుతోందా లేదా అన్నది. ‘స, శ, ష’ ఎక్కువగా వచ్చే వార్త వినండి. ‘సుప్రీంకోర్టు శుక్రవారం’ లాంటి ముక్క దగ్గర ఆ అక్షరాలు చిట్లి ఉమ్మినట్టు వినిపిస్తే రెండు కారణాలుండొచ్చు: స్పీకర్ నాసిరకం కావచ్చు, లేదా గోడలకు తగిలి తిరిగొచ్చిన ఎఫ్ఎం సిగ్నల్ అసలుదానితో కలిసి గజిబిజి చేస్తుండవచ్చు. రేడియోని ఒక అడుగు పక్కకు జరపండి. మాట బాగుపడితే స్పీకర్ నిర్దోషి.

ఇయర్‌ఫోన్‌లో వినేవాళ్లకు స్టీరియో (రెండు చెవులకూ వేర్వేరు శబ్దం), మోనో (రెండింటికీ ఒకటే) మీట చాలా విలువైనది, దీన్ని ఎంతమందికి చెప్పినా తక్కువే. ఎఫ్ఎం స్టీరియోలో అదే సిగ్నల్‌కి బుస మోనోలో కన్నా సుమారు 20 డెసిబెల్స్ ఎక్కువ. అంటే మోనోలో అద్దంలా ఉండే స్టేషన్ స్టీరియోలో వర్షం పడుతున్నట్టు ఉండొచ్చు. నడుస్తూ వినేటప్పుడు మోనోలో పెట్టేస్తే గరగర చాలామటుకు తగ్గిపోతుంది. ఆ మీట లేని ఇయర్‌ఫోన్ రేడియోని నేనైతే కొనను. కొన్ని డీఎస్పీ రేడియోలు సిగ్నల్ తగ్గగానే తమంతట తామే మోనోకి దిగుతాయి, అదీ మంచిదే.

వేరే దేశం మోడల్ తెప్పించుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మొదటిది బ్యాండ్: జపాన్‌లో ఎఫ్ఎం 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ వరకే, అక్కడి కోసమే చేసిన కొన్ని పాత మోడళ్లు 108 దాకా వెళ్లవు. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య దూరం ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో 9 కిలోహెర్ట్జ్, అమెరికా ఖండాల్లో 10. డిజిటల్ రేడియోలో ఈ రెంటి మధ్య మార్చుకునే వీలు ఉండాలి. లేకపోతే చాలా స్టేషన్లు పక్కకు జరిగి పడతాయి. రెండోది చెవికి మాత్రమే తెలిసేది. ఎఫ్ఎం ప్రసారంలో పై స్వరాలను కొంచెం పెంచి పంపుతారు, రేడియో వాటిని మళ్లీ దించుతుంది. ఆ దించే కొలత అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మిగతా ప్రపంచంలో ఎక్కువచోట్ల 50. అమెరికా కోసం చేసిన రేడియోలో మన పాటలు కాస్త మూసుకుపోయినట్టు వినిపించడానికి ఇదీ ఒక కారణం. మీ అంతట మీరు ‘స్పీకర్ బాగోలేదు’ అని తీర్పిచ్చేస్తారు.

బ్యాటరీ విషయంలో నాకు పక్షపాతం ఉంది, దాచను. మామూలు ఏఏ లేదా ఏఏఏ సెల్స్ వేసుకునే రేడియో పెద్దవాళ్లకు సుఖం. సెల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, కరెంటు పోయినా రేడియో ఆగదు. అనలాగ్‌వి ఒక జత మీద రోజుల తరబడి నడుస్తాయి. ఛార్జింగ్‌వాటిలో ఎక్కువగా కనిపించేది ఒకప్పటి నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీ. 3.7 వోల్టులు, ఇంచుమించు వెయ్యి మిల్లీయాంప్ అవర్. విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు, ఆ రకమైతే నాకు అభ్యంతరం లేదు. బ్యాటరీని లోపల అతికించేసిన రేడియోకి రెండు మూడేళ్ల తర్వాత ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఛార్జింగ్ సెల్స్ వాడతానంటే ఒకటి గుర్తుంచుకోండి, అవి 1.5 వోల్టులకు బదులు 1.2 మాత్రమే ఇస్తాయి, కొన్ని రేడియోలు దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందని తొందరగా మొత్తుకుంటాయి. ఎక్కువరోజులు వాడకపోతే సెల్స్ తీసి పెట్టండి, కారి లోపలి స్ప్రింగులు పాడవుతాయి.

ఎంపీత్రీ, మెమరీ కార్డు, టార్చి, బ్లూటూత్ అన్నీ కలిపి అమ్మే బుల్లి స్పీకర్లు ‘రేడియో’ పేరుతోనే వస్తాయి. పాటల కార్డు కోసమైతే కొనండి. రేడియో కోసం వద్దు. వాటిలో ఎఫ్ఎం అనేది పాటల ప్లేయర్‌కి తగిలించిన తోక. ఆ ప్లేయర్ సర్క్యూట్ రొదే ఎఫ్ఎం మీద పడుతుంటుంది. మీరిప్పుడు తిడుతున్నది ఇలాంటిదే అయ్యుండాలని నా అనుమానం.

వయసు పైబడినవాళ్లు వాడేదాంట్లో సిగ్నల్‌తో సమానంగా చూడాల్సింది చేతికి ఎలా ఉందన్నది. ఆన్, ఆఫ్ ఒకే చోట, తడిమితే తెలిసేలా ఉండాలి. వాల్యూంకి చక్రం ఉంటే బంగారం. మీటతో మెట్లుమెట్లుగా పెరిగేవాటిలో ఒక పోటు ఉంది: మొదటి మెట్టే రాత్రిపూట ఇయర్‌ఫోన్‌లో చెవికి గట్టిగా తగులుతుంది, దానికింద సున్నా తప్ప ఇంకేమీ లేదు. పడుకునే ముందు వినేవాళ్లకు ఇది నిజంగా బాధ. జేబులో తనంతట తాను స్టేషన్ మారిపోకుండా లాక్ మీట ఉండాలి. నిద్రపోతే ఆగిపోయే టైమర్ ఉంటే సెల్స్ మిగులుతాయి. నాలుగైదు స్టేషన్లు ఒక్కో మీటకు కట్టేసి ఇవ్వగలిగితే మీ నాన్నగారికి అంకెలతో పనే ఉండదు.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. మీడియం వేవ్ కూడా కావాలి, స్పీకర్‌లో వినాలి అంటే టెక్సన్ పీఎల్-310ఈటీ లేదా పీఎల్-380 తరగతి చూడండి. రెండూ డీఎస్పీ, మూడు ఏఏ సెల్స్ మీద నడుస్తాయి, సిగ్నల్ బలాన్ని తెర మీద అంకెల్లో చూపిస్తాయి, మీడియం వేవ్ మీద రేడియో లోపలికి రానిచ్చే సిగ్నల్ వెడల్పుని 6 నుంచి 1 కిలోహెర్ట్జ్ దాకా తగ్గించుకోవచ్చు. పక్క స్టేషన్ తగులుతుంటే 3కి దించితే గొంతు కొంచెం మూసుకుపోతుంది గానీ మాట నిలుస్తుంది. చొక్కా జేబులో మాత్రం ఇమడవు. షార్ట్ వేవ్ పిచ్చి కూడా ఉంటే పీఎల్-330, దానిది బీఎల్-5సీ బ్యాటరీ. మీటలు ఎక్కువ, నాన్నగారికి నేను సలహా ఇవ్వను. చక్రం, ముల్లు ఉంటేనే ఆయనకు సుఖమైతే టెక్సన్ ఆర్-9012 రెండు ఏఏ సెల్స్ మీద నడిచే పాతకాలపు అనలాగ్. అంత దూరపు స్టేషన్లూ అక్కర్లేదు, చేతిలో పట్టి గట్టిగా మాట వినిపిస్తే చాలనుకుంటే సోనీ, ప్యానసోనిక్, శాంజీన్ వాళ్ల చిన్న ముల్లు రేడియోలు నమ్మకంగా ఉంటాయి. నడకలో ఇయర్‌ఫోన్‌తో వినడానికి శాంజీన్ డీటీ వరసలోవి బాగుంటాయి. మోడళ్లు వస్తూపోతూ ఉంటాయి కాబట్టి పేరు దొరక్కపోతే పైన చెప్పిన లక్షణాలు పట్టుకుని వెతకండి. మంచి పేరున్న మోడళ్లకు నకళ్లు కూడా తిరుగుతుంటాయి, ధర మరీ తక్కువ కనిపిస్తే ఆగండి.

కొన్నాక తిరిగిచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. బలమైన స్టేషన్‌తో పరీక్షిస్తే ఏ రేడియో అయినా పాసవుతుంది, అందులో తెలిసేది శూన్యం. మీ పాత ట్రాన్సిస్టర్‌లో కాస్త కష్టపడి వచ్చే ఒక స్టేషన్‌ని ఎంచుకోండి, రెండింటినీ అదే కిటికీ దగ్గర, అదే ఎత్తులో, ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండూ ఒకేసారి పక్కపక్కన ఆన్ చేయొద్దు, ఒకదాని రొద ఇంకోదానికి ఎక్కుతుంది. మీడియం వేవ్‌ని మిట్టమధ్యాహ్నం చూడండి. చీకటి పడ్డాక ఆకాశంలో తరంగాలను తినేసే కింది పొర కరిగిపోతుంది, వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు కూడా వచ్చేస్తాయి, ప్రతి రేడియో హీరో అయిపోతుంది. పగలు పట్టినదే అసలు పట్టు.

మీరు రాసినదాన్ని బట్టి నా ఓటు ఇలా: నాన్నగారు వినేవి ఎఫ్ఎం స్టేషన్లే అయితే మోనో మీట, లాక్, ఏఏ లేదా ఏఏఏ సెల్స్ ఉన్న చిన్న డీఎస్పీ రేడియో ఒకటి నడకకు కొనండి. రాత్రికి ఆ పాత ట్రాన్సిస్టర్‌నే మంచం పక్కన ఉంచండి, ఛార్జర్‌ని అక్కణ్నుంచి తీసేయండి. మీడియం వేవ్ కూడా వింటారంటే చొక్కా జేబు సంగతి మర్చిపోయి పీఎల్-380 సైజుకు వెళ్లండి. కొనేలోపు ఒక పని చేయండి: ఇప్పుడున్న కొత్త రేడియోకి ఇయర్‌ఫోన్ గుచ్చి, తీగను వదులుగా వేలాడదీసి, కిటికీ దగ్గర నిలబడి పెట్టి చూడండి. అక్కడ శుభ్రంగా పడిందంటే మోడల్ పేరు, లోపలి గదిలో ఎలా ఉందో రెండూ రాయండి, ఇంకో రేడియో అసలు అవసరమా కాదా అప్పుడు చూద్దాం.